హెడ్డు ఇప్పాను (టీకా తాత్పర్య సహితము)

మూలము

"హెడ్డు ఇప్పాను. గంటలో వచ్చేస్తా. నువ్వు తినేసెయ్."

అవతారిక

బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. రాత్రి ఎనిమిది దాటింది. వీధిలో లేతు మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయి, బోరింగు షాపుల షట్టర్లు దిగుతున్న వేళ. మేస్త్రి ఎదుట యమహా ఆర్ఎక్స్ 100 ఒకటి స్టాండు వేసి ఉంది. 1985లో మన రోడ్ల మీదికొచ్చి, 1996లో తయారీ ఆగిపోయినా, ఇంకా వీధి మలుపు తిరగకముందే తన రాకను చాటుకునే 98 సీసీల టూ స్ట్రోక్ బండి. యజమాని వచ్చింది క్లచ్ కేబులు కోసం. కేబులు వేయడం అయింది, డబ్బులు ఇవ్వడమూ అయింది. సరిగ్గా కూర్చుందో లేదోనని మేస్త్రి ఒక కిక్కు కొట్టి చూశాడు. లోపలెక్కడో చిన్న శబ్దం. యజమానికి వినపడలేదు, పని నేర్చుకునే కుర్రాడికి వినపడలేదు. మేస్త్రి పెద్ద స్క్రూ డ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకున్నాడు. "ఒక్క నిమిషం ఉండండి సార్" అన్నాడు. ఆ నిమిషం సాగి సాగి హెడ్డు ఊడేసరికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. దానికి ఇచ్చిన జవాబే ఈ మూలం.

ప్రతిపదార్థము

హెడ్డు = సిలిండరునకు మూతయై, నడినెత్తిన ప్లగ్గును ధరించి, గాలికి చల్లబడుటకు రెక్కలు గలదియైన అంగమును; ఇప్పాను = నట్లను మూలకు మూలగా కొంచెము కొంచెము వదులు చేసి పైకి తీసితిని (ఎవరు తీయమనిరి అని అడుగరాదు); గంటలో = అరువది నిమిషములలో అని నిఘంటువు, చేతిలోని పని తెమిలిన పిమ్మట అని షెడ్డు సంప్రదాయము; వచ్చేస్తా = రాగలవాడను (షరతులు దిగువ); నువ్వు = ఓ ఇల్లాలా, నీవు; తినేసెయ్ = నాకై కాచుకొనియుండక భుజింపుము, కూర కొంచెము ఉంచుము.

'కూర కొంచెము ఉంచుము' అన్నది మూలంలో లేదు. మన మెదకు సీమవాడైన వ్యాఖ్యాత మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. ఆయన్నెవరూ రాత్రి పదకొండింటికి ఖాళీ గిన్నె ముందు కూర్చోబెట్టి ఉండరు.

తాత్పర్యము

బండి బాగుపడేదాకా నా మనసు ఇంటికి రాదు, మనసు రాకుండా మనిషి ఒక్కడూ వచ్చి ప్రయోజనం లేదు కాబట్టి నువ్వు భోంచెయ్యి అని భావము.

విశేషములు

'ఇప్పుతున్నా' అనలేదు, 'ఇప్పనా' అని అడగలేదు. అడిగి ఉంటే నాయిక 'రేపు చూసుకోవచ్చుగా' అనేది. ఆ ప్రశ్నకు తావులేకుండా భూతకాల క్రియతో కట్టేశాడు. ఇందులో కపటం ఉందని టీ కొట్టు దగ్గరి పూర్వ వ్యాఖ్యాతలు. నాకు మాత్రం నిస్సహాయత కనిపిస్తుంది. చెవిన పడిన శబ్దాన్ని రాత్రంతా దాచుకుని పడుకోవడం ఆయనకు చేతకాదు. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై, వేడెక్కాక తగ్గేదైతే పిస్టను మీదికి అనుమానం మళ్లుతుంది. ఇది తగ్గలేదు. అందుకే నిద్ర పట్టదు.

దీనివల్ల వ్యాపారం వృద్ధి పొందుతుందా అంటే చెప్పలేం. కేబులు మార్చినందుకు ఆయన డబ్బు పుచ్చుకుంటాడు, విన్నందుకు పుచ్చుకోడు. కేబులు కోసం వచ్చి బండి ఇక్కడే వదిలి వెళ్లాల్సి వచ్చిన యజమాని ఆ పూట విసుక్కుంటాడు. విసుక్కున్నవాడే ఆర్నెల్లకు బావమరిది బండిని వెంటబెట్టుకొస్తాడు. ఇంకొకడు మళ్లీ ఆ వీధి మొహమే చూడడు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధన వచ్చాక కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. ఏది చెడిందో స్కానరు తెర మీద అంకెలేసి చెబుతుంది. మేస్త్రి స్కానరు కూడా కొన్నాడు. అది చెప్పింది చదివి, తర్వాత స్క్రూ డ్రైవరు చెవికి పెట్టుకుంటాడు.

ఇక శిష్యుడి సంగతి. "ఒరేయ్, పన్నెండు పదమూడు" అని గురువు వెనక్కి చెయ్యి చాపుతాడు, తలతిప్పడు. మొదట్లో కుర్రాడు పది పదకొండు అందించేవాడు. గురువు తిట్టడు, పానాను కాసేపు చేతిలో బరువు చూసి తిరిగిచ్చేస్తాడు. తిట్టినా బాగుండునని కుర్రాడి అభిప్రాయం. ఇప్పుడు అడక్కముందే సరైన పానా చేతిలో పడుతోంది. విప్పిన నట్లు విప్పిన వరసలోనే పళ్లెంలో పడుతున్నాయి. వీళ్లిద్దరి మధ్య ఒక పూటంతా జరిగే సంభాషణను కాగితం మీద పెడితే అరపేజీ రాదు. కుర్రాడు సొంత ఇంట్లో తండ్రితో కూడా ఇంతకంటే తక్కువే మాట్లాడతాడట, కాకపోతే అక్కడ దాన్ని పొగరు అంటారు.

అల్లుడిగా నాయకుడి చరిత్ర వేరే కాండ. మొదటి సంక్రాంతికి అత్తారింటికి వెళ్లి, పట్టుపంచెతో విస్తరి ముందు కూర్చుని, తలెత్తి ఫ్యాను వంక చూశాడు. "మామయ్యగారూ, కండెన్సరు వీకయింది" అన్నాడు. అరిసె విరవకుండానే స్టూలెక్కాడు. కట్నంలో ఏదో తక్కువైందని ఎత్తిపొడుస్తున్నాడేమోనని మామగారు ఆ పండగంతా బెంగపడ్డారు. ఫ్యాను మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా తిరుగుతోంది.

భార్య అలిగినప్పుడు ఈ విద్య ఎలా పనిచేస్తుందన్నది సూక్ష్మం. పరాకుగా ఉండే మొగుళ్లకు భార్య గొంతులో తేడా తెలియదంటారు. మన నాయకుడికి కుక్కరు విజిలు తేడా ఎంత తెలుస్తుందో ఇదీ అంతే తెలుస్తుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. "ఎప్పట్నుంచి?" అని అడుగుతాడు. "పొద్దున్నించే ఉందా, మధ్యలో మొదలైందా?" అంటాడు. చివరికి, బండి దింపగానే ఏ మేస్త్రి అయినా అడిగే మొదటి ప్రశ్న: "నాకంటే ముందు దీన్నెవరు ముట్టుకున్నారు?" ఇంట్లో దాని రూపం "ఇవాళ మనింటికి ఎవరొచ్చారు?" ఆశ్చర్యమేమంటే తొంభై పాళ్లు ఆ ప్రశ్నే సరైనది. వచ్చింది ఆడపడుచు, అంటే నాయకుడి సొంత అక్క. కారణం దొరికాక ఏ పానా పట్టుకోవాలో మాత్రం ఆయనకు తెలియదు. శాస్త్రం అక్కడితో ఆగింది.

'గంట' విచారము

రాయిలా కార్బను అంటించుకున్న హెడ్డును గీకి, పిస్టను తల శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించడానికి నిజంగా గంటే చాలు. అలాకాక సిలిండరు గోడ మీద గీతలుంటే అది హెడ్డుతో పోదు. బోరు ఊడదీసి బోరింగు షాపుకి పంపాలి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను వెతకాలి. ఇదివరకే ఒకసారి బోరు చేయించిన బండైతే అర మిల్లీమీటరు. హెడ్డు ఎత్తి లోపలికి చూసేదాకా ఏదో తెలియదు. కనుక 'గంట' అబద్ధం కాదు, ఆశ. గీతలుంటే నాయకుడి రాక ఇంకా ఆలస్యమవుతుందనీ, గీతలు లేకుండా చూడమని నాయిక కనకదుర్గమ్మకు మొక్కుకుంటుందనీ పూర్వ వ్యాఖ్యాతల మతం.

ఉత్తరము

ఫోనులో నాయిక అన్న మాట ఇది: "హెడ్డొక్కటేనా అండీ, బోరు కూడానా?"

పెళ్లినాటికి ఆమెకు సైకిలు చెయిను తప్ప యంత్రమేదీ తెలియదు. ఎప్పుడొస్తారని ఆమె అడగలేదు. నేను ముఖ్యమా, బండి ముఖ్యమా అని అడగలేదు. అలాంటి ప్రశ్నలకు ఆటోనగర్‌లో స్పేరు పార్టులు దొరకవని ఆమెకు తెలుసు. పూర్వ వ్యాఖ్యాతలు ఈ ప్రశ్నలో ఆందోళన చూశారు. వాళ్లకు షెడ్డు తెలుసు గానీ ఆ ఇల్లు తెలియదు. హెడ్డొక్కటే అయితే పని ఆయన చేతిలోనే ఉంటుంది. గీకడం అవుతుంది, ఎలాగూ విప్పాం కదా అని కార్బురేటరు కడగడం అవుతుంది, సైలెన్సరు మసి దులపడం అవుతుంది, బెంజి సర్కిలు దాకా ట్రయలు అవుతుంది, రెండు గంటలవుతుంది. బోరు కూడా అయితే ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు. బోరింగు షాపు పొద్దున గానీ తెరవరు.

నాయకుడు టార్చిలైటు వేసి సిలిండరులోకి చూశాడు. వేలితో గోడను తడిమాడు.

"గీతలున్నాయే" అన్నాడు దిగులుగా.

"అయితే పెసరట్టు పెనం మీద వేస్తున్నా, వచ్చెయ్యండి. సబీనాతో చేతులు తోముకునే రండి."

అరగంటలో ఇంట్లో ఉన్నాడు. బండి యజమాని షేరాటోలో వెళ్లాడు. ఆయన భోజనం గురించి మూలంలో ఏమీ లేదు.