ఖమ్మం నుంచి రెండు రాళ్ళు

భార్య మీద ప్రేమ పొంగుకొచ్చినప్పుడల్లా నా నోట అంకెలు వస్తాయి. వంశపారంపర్యం అనుకుంటాను. మా అమ్మ పుట్టింటి నుంచి తిరిగొచ్చి బస్సు దిగగానే మా నాన్న సంచి అందుకుని, "సాగర్‌లో నీళ్ళు 560 అడుగులకొచ్చినయి" అనేవారు. పూర్తి మట్టం 590. ఎడమ కాలువ మీదే ధ్యాసంతా అని ఊరు ఊరంతా అనుకునేది. అమ్మ మాత్రం సిగ్గుపడేది.

మా ఆవిడకు ఆ విద్య పట్టుబడలేదు. తను ఖమ్మం జిల్లాలో సర్కారు బడిలో సోషల్ టీచరు, నేను ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. నాకు బదిలీ రాదు, తనకు కుదరదు. సంసారం వాట్సాప్‌లో నడుస్తోంది. దసరా సెలవులకు వస్తున్నానంటే, స్టేషన్‌లో ఏమనాలో రాత్రంతా రిహార్సల్ వేసుకున్నాను. తీరా తను రైలు దిగి, నన్ను ఎగాదిగా చూసి, "ఏంటండీ, ఇంత చిక్కిపోయారు?" అంది.

"ఇండియా గేట్ ఎత్తు 42 మీటర్లు. పద, చూద్దాం" అన్నాను.

గదికి పోకుండా ఇండియా గేట్ ఎందుకంటారా? దేశభక్తి కొంత. గది ఉన్న తీరు ఎక్కువ. సామాను క్లోక్‌రూములో పెట్టించి, వెయిటింగ్ హాల్లోనే స్నానం కానివ్వమని, తను ఆలోచించుకునేలోపే ఆటో ఎక్కించేశాను.

ముందు రాజ్‌ఘాట్. నల్ల చలువరాతి వేదిక, ఆరని జ్యోతి, చుట్టూ పచ్చిక. అక్కడ బూట్లు విప్పాలన్న సంగతి పొద్దున బయల్దేరేటప్పుడు నాకు తట్టలేదు. కుడికాలి మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి బాపూకి దండం పెట్టింది. మా ఆవిడ ఆ వేలిని చూసింది, నన్ను చూసింది. ఎవరి సమాధి ముందున్నామో గుర్తొచ్చి అహింస పాటించింది.

ఇండియా గేట్ దగ్గర నేను రెచ్చిపోయాను. 1921లో శంకుస్థాపన, 1931లో ప్రారంభం, కట్టింది లుట్యెన్స్, మొదటి ప్రపంచ యుద్ధంలోనూ మూడో అఫ్ఘాన్ యుద్ధంలోనూ పోయిన మన సిపాయిల కోసం, గోడల మీద 13 వేలకు పైగా పేర్లు... సోషల్ టీచరుకు పాఠం చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. "అదిగో, గేటు ఎదుటి ఆ మండపంలో 1936లో ఐదో జార్జి విగ్రహం పెట్టారు" అన్నానో లేదో, "1968లో తీసేశారు. తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే చెప్తా. ఫొటో తీయండి" అంది.

గేటంతా ఫ్రేములోకి రావాలని వెనక్కి వెనక్కి నడిచాను. గేటు వచ్చింది. మా ఆవిడ వేలిగోరంత వచ్చింది.

ఆ మండపంలో ఇప్పుడు నేతాజీ ఉన్నారు. 2022 సెప్టెంబరులో ఆవిష్కరించిన 28 అడుగుల నల్లరాతి విగ్రహం. రాయి మా ఖమ్మానిది! ఇక్కడ మాత్రం నా అంకెలకు శ్రోత దొరికింది. 280 టన్నుల ఏకశిల, దాని కోసమే కట్టిన వంద అడుగుల లారీ, 140 చక్రాలు, 1,665 కిలోమీటర్ల ప్రయాణం, 26 వేల పనిగంటల చెక్కుడు. చివరికి తేలింది 65 టన్నుల విగ్రహం. నేతాజీ సెల్యూట్ తనకే అన్నట్టు ఎదురుగా నిలబడి అంతా విని, "బయటివాళ్ళు చెక్కితే 280 టన్నుల రాయి మనిషైంది. పెళ్ళైన దగ్గర్నుంచి నేను చెక్కుతున్న ఖమ్మం రాయి మాత్రం ఉన్నచోటే ఉంది" అంది. పక్కన ఎవరో తెలుగువాళ్ళున్నారు. నవ్వారు.

వెనకనే జాతీయ యుద్ధ స్మారకం. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. చక్రవ్యూహం తీరులో నాలుగు వలయాలు. లోపలికి తీసుకెళ్ళే దారి నాకు తెలుసు, బయటికొచ్చేది తెలీదు, అభిమన్యుడికీ నాకూ ఉన్న ఏకైక పోలిక అదే. త్యాగ చక్రం గోడల్లో ఒక్కో రాతిఫలకం మీద ఒక్కో పేరు, హోదా, రెజిమెంటు. స్వాతంత్ర్యం తరవాత నేలకొరిగిన వాళ్ళు, పాతిక వేలకు పైనే. మా ఆవిడ అక్కడి జవానును అడగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళు ఢిల్లీలో ఉన్న నా హిందీ కన్నా, టీవీ చూసి నేర్చిన ఆమె హిందీయే నయం. వెతుకుతున్నది కల్నల్ సంతోష్ బాబు పేరు. మా పక్కనున్న సూర్యాపేట మనిషి, 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయారు. కనిపించాక చాలాసేపు అక్కడే నిలబడింది. మహావీర చక్ర ఎప్పుడిచ్చారో చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

సాయంత్రం అమరుల కుటుంబం వాళ్ళొచ్చి పుష్పగుచ్ఛం ఉంచడం చూశాం. బయటికొస్తూ మా ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. ఎన్ని వేళ్ళో లెక్కపెట్టి చెప్పలేదు, సంతోషించండి.

అక్కణ్ణుంచి నడుచుకుంటూ ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు. టోకెన్ పట్టుకుని వరసలో నిలబడ్డాం. పప్పు, కందిపొడి, నెయ్యి, ఎంత అడిగితే అంత. నేను మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే తను తినడం ఆపి చూసింది.

"రోజూ ఇక్కడికే రావొచ్చుగా?"

"ఒక్కణ్ణే రాబుద్ధి కాదు."

అంకె లేని వాక్యం నా నోట రావడం తను మొదటిసారి విన్నట్టుంది. కాసేపు మాట్లాడలేదు. తరవాత నా విస్తట్లో ఇంకాస్త నెయ్యి వేయించి, "సరే, ఇక గది చూపించండి. ఆ ఒక్క స్మారకం కూడా చూసేస్తే పని అయిపోతుంది" అంది.

ఢిల్లీలో ఒంటరిగా కాపురముంటున్న తెలుగు మొగుళ్ళకు నా మనవి: ఇంటావిడ వస్తోందంటే ముందు రోజే గది ఊడ్చి, చిరగని మేజోళ్ళు కొనుక్కోండి. ఊడ్చే ఓపిక లేకపోతే స్టేషన్ నుంచి నేరుగా అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌కు తీసుకెళ్ళి కడుపునిండా తినిపించండి. ఇండియా గేట్ అక్కణ్ణుంచి నడిచే దూరమే, ఎక్కడికీ పోదు.