గ్రూప్ బై కంటే ముందు పెన్సిల్

ఆరోగ్య శిబిరాలకు వచ్చినవాళ్ల లెక్క జిల్లాలవారీగా కావాలని అడగ్గానే చేతులు ఎస్‌క్యూఎల్‌లో గ్రూప్ బై కొట్టేస్తాయి. ఆపండి. ముందు జిల్లా పేరు మీద ఆర్డర్ బై పెట్టి, వరుసలన్నీ కాగితం మీద ప్రింట్ తీయండి. పేరు మారిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత కొట్టి, గీతల మధ్య ఉన్నవి వేలు పెట్టి లెక్కించండి. రెండు లక్షల వరుసలుంటే గడువు పెంచమని అడగండి. ఇవ్వరు. అయినా అడగాలి, ఎందుకంటే ఆ వరుసల్లో ఉన్నది మనుషులు.

గీతలు కొడుతుంటేనే తెలుస్తుంది ‘రంగారెడ్డి’ ఒక గుంపు, ‘రంగా రెడ్డి’ ఇంకో గుంపు అని. అచ్చం ఒకేలా కనబడే రెండు పేర్లు కూడా విడిపోవచ్చు. తెలుగు టైపింగులో మధ్యన దూరే కంటికి కనబడని అక్షరం ఒక్కటి చాలు. జనగామ సంగతి మరీను. 2015 నాటి శిబిరం వరంగల్ జిల్లా కింద ఉంటుంది, 2017 నాటిది జనగామ జిల్లా కింద. 2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26. అదే ఊరు, అదే మనిషి, రెండు గుంపులు.

వీటిని కలపకండి. సరిదిద్దకండి కూడా. అందరూ మొదట శుభ్రం చేయమంటారు. నా మాట అది కాదు. ఆ రోజు ఎక్కించినాయన ఏం రాశాడో అదే రికార్డు. రిపోర్టు నలభై గుంపులతో గజిబిజిగా వస్తే రానివ్వండి.

జిల్లా గడి ఖాళీగా ఉన్నవాళ్లను వేర్‌లో నల్ షరతు పెట్టి తోసేయకండి. గ్రూప్ బై వాళ్లందరినీ ఒకే గుంపులో కూర్చోబెడుతుంది. ఆ గుంపును రిపోర్టులో మొట్టమొదట వేయండి. కౌంట్‌లో జిల్లా గడి పేరు ఇస్తే నల్ వరుసలు లెక్కకు రావు, ఆ గుంపు ఎదురుగా సున్నా పడుతుంది. నక్షత్రం పెడితేనే అందరూ లెక్కలోకి వస్తారు. శిబిరాల పట్టికకు రోగుల పట్టికను కలిపే లెఫ్ట్ జాయిన్ దగ్గర మాత్రం ఇది తిరగబడుతుంది. ఒక్క రోగీ రాని శిబిరానికి నక్షత్రం 1 చూపిస్తుంది, రోగుల పట్టికలోని ఐడీని లెక్కిస్తేనే సున్నా వస్తుంది. ఎవరూ రాని శిబిరం ఉందంటే, ముందుగా కదలాల్సింది అక్కడికే. ఆ సున్నాను ఒకటిగా చూపించడం నేను సహించలేను.

చివరగా, మొత్తం అనే వరుస తీసేయండి. ఒకే మనిషి రెండు జిల్లాల్లో చూపించుకుంటే, డిస్టింక్ట్‌తో తీసిన జిల్లా అంకెలన్నీ కూడినా అసలు మనుషుల సంఖ్య రాదు. పై అధికారి మొత్తం కావాలని పట్టుబడితే, వచ్చిన మనుషుల మొత్తమా, శిబిరానికి వచ్చిన సార్ల మొత్తమా అని ఎదురడగండి. ఆయన తేల్చి చెప్పేదాకా ఆ గడిలో ఏ అంకె కూడా వేయకండి.