మా ఇంటి మీదుగా కొండదారి

తెలుగు గృహస్థులందరికీ విన్నవించుకునేది ఏమనగా, జులై నెల మొదలు మా ఇంట్లో బియ్యం వేళకు పొయ్యి మీదికి చేరడం లేదు. ఇరవై పౌన్ల సోనామసూరి బస్తా మా బావమరిది వీపు మీద ఉంటోంది. దాన్ని సంచిలో వేసుకుని రోజూ సాయంత్రం మా మెట్లు నలభై సార్లు ఎక్కి దిగుతాడు. నలభయ్యోసారి దిగాక గాని ఎసరు పడదు. రాత్రి తొమ్మిదిన్నరకు నా కంచంలో అన్నం పడుతోందంటే, కాస్కేడ్ కొండల్లో చెరువులు ఉండటమే కారణం.

ఆ చెరువుల వరసను ఎన్‌చాంట్‌మెంట్స్ అంటారు. మేముండే సియాటిల్ శివారు నుంచి రెండు గంటలకు పైగా కారులో పోతే లెవెన్‌వర్త్ అనే ఊరు, దాని పక్కన కొండల్లో ఉన్నాయి. స్టువర్ట్ లేక్ దారిన ఎక్కి స్నో లేక్స్ దారిన దిగితే సుమారు 18 మైళ్ళు, అంటే 29 కిలోమీటర్లు. అదంతా మా బావమరిది నడవబోతున్నాడు, ఆ బియ్యం మోత దానికి సాధన. ఒక్క రోజులో.

"రెండు రాత్రులు గుడారం వేసుకుని నిదానంగా నడవొచ్చుగా?" అని అడిగాను. అక్కడ రాత్రి పడుకోవాలంటే పర్మిట్ కావాలట. దానికి ఫిబ్రవరి మధ్యలో లాటరీ. తిరుమల ఆర్జిత సేవలకు లక్కీడిప్ ఉంటుంది చూడండి, అదే బాపతు. మావాడు మూడేళ్ళుగా వేస్తున్నాడు, మూడేళ్ళుగా రావడం లేదు. పగటిపూట నడిచి వచ్చేసేవాళ్ళకు మాత్రం లాటరీ లేదు, రుసుము లేదు. దారి మొదట్లో పెట్టెలో ఉన్న కాయితం నింపుకుంటే చాలు. కాబట్టి నిదానంగా నడిచే యోగం లేనివాళ్ళంతా అదే దూరం ఒక్క పగల్లో లాగించేస్తారు. తిండి దొరకనివాడు ఏకాదశి పుణ్యం లెక్కేసుకున్నట్టు.

మొదటి నాలుగు మైళ్ళలో కోల్చక్ లేక్ వస్తుంది. నీలం నీళ్ళ ఒడ్డున ఫొటో దిగి, తెచ్చుకున్నది తిని, అక్కడినుంచే బుద్ధిగా వెనక్కి తిరిగేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళంటే నాకు అపార గౌరవం. ఆ పైన ఉంది ఆస్‌గార్డ్ పాస్. మైలు కూడా నిండని దూరంలో రెండు వేల అడుగుల ఎత్తు, అంతా బండరాళ్ళూ జారే రాళ్ళూను.

"మీరు అలిపిరి ఎక్కారుగా బావా, అలాంటిదే" అన్నాడు మావాడు.

అలిపిరిలో 3,550 మెట్లున్నాయి నిజమే. కానీ అవి మెట్లు. వాటికి పైకప్పుంది, పక్కన కొట్లున్నాయి, కొండ మీద దేవుడున్నాడు, ఆయన దగ్గర లడ్డూ ఉంది. ఇక్కడ పైకెక్కితే ఏముంటుందయ్యా అంటే, ఇంకో చెరువు. దాని వెనక మరోటి. తరవాత ఆరు వేల అయిదు వందల అడుగులు కిందికి దిగడం. ఎక్కుడు గుండెకు పెట్టిన పరీక్షయితే, దిగుడు మోకాళ్ళకు.

1976లో ఈ ప్రాంతాన్ని రక్షిత అరణ్యంగా ప్రకటించే బిల్లు అధ్యక్షుడు ఫోర్డ్ ముందుకు వచ్చినప్పుడు, అప్పటి మా రాష్ట్ర గవర్నర్ డాన్ ఎవాన్స్ ఆయనకు ఈ చెరువుల ఫొటోల పుస్తకం ఒకటి చూపించాడట. ఫోర్డ్ బొమ్మలు చూసి సంతకం పెట్టేశాడు. అమెరికా అధ్యక్షుడికి ఆల్బమ్ సరిపోయింది. మా బావమరిదికి చాలదు.

ఇక బూట్లు. కొత్త బూట్లతో కొండెక్కితే కాళ్ళు బొబ్బలెక్కుతాయి కనక, ముందుగా వాటిని తొడుక్కుని మెత్తబరచాలట. ఎక్కడ? మా హాల్లో. ఇరవై ఏళ్ళ కిందట నేను చెప్పులతో గడప దాటానని మూడు రోజులు మాట్లాడని మా అత్తగారు, పూజగది ముందు నుంచి బూటుకాళ్ళతో తిరుగుతున్న సుపుత్రుణ్ణి చూసి, "పాపం, మెత్తబడాలి కదా బాబూ" అన్నారు నాతో.

వంటగదిలో తూకం యంత్రం వెలిసింది. తినేవన్నీ బరువు చూసి మూటగడుతున్నారు. పులిహోర పాడవదు గనక నెగ్గింది. ఆవకాయ కూడా నెగ్గింది గాని గాజు సీసా ఓడింది. నూలు బట్టలకు ప్రవేశం లేదు, తడిస్తే ఆరవు, చలి పట్టుకుంటుందట. నడవబోని నా బనీన్ల గురించి కూడా మా అమ్మాయి "ఇవి డేంజర్ నాన్నా" అంది.

మేకల విషయం చెప్పడం మరిచాను. ఆ పైన తెల్లటి కొండమేకలున్నాయి. వాటికి ఉప్పు పిచ్చి. మనుషులు మూత్రం పోసిన చోట ఉప్పు దొరుకుతుందని వెంటపడతాయట. వాటికి 150 అడుగుల దూరంలో ఉండాలని మనకు నియమం. మేకలకు మాత్రం ఏ నియమమూ ఉన్నట్టు లేదు.

ఇంతకీ నడవని నాకు ఈ బాధేమిటంటారా? దారి ఎక్కిన చోటుకూ దిగే చోటుకూ మధ్య రోడ్డు మీద ఎనిమిది మైళ్ళుంది. కనక రెండు కార్లు కావాలి, లేదా పైన దింపి కింద ఎక్కించుకునే మనిషి కావాలి. డబ్బిస్తే దింపే షటిల్ బండ్లున్నాయి. "బావగారుండగా షటిలెందుకు?" అని ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు. నేను ఆ సభలో లేను, అప్పుడు బియ్యం కోసం కొట్టుకు వెళ్ళాను. ఒక్క పగల్లో ముగించాలంటే తెల్లవారకముందే నడక మొదలుపెట్టాలట. అంచేత మేం అర్ధరాత్రి పన్నెండింటికి బయలుదేరాలి. రెండున్నరకు నడిచేవాళ్ళను దింపి, కింది దారి దగ్గర కారులో కూచుని, మర్నాటి చీకటి పడేదాకా కొండకేసి చూస్తూండాలి. "ఒక్క రోజేగా!" అంటోంది మా ఆవిడ, మూడు నెలల తరవాత.

సెప్టెంబరు ఆఖరి శనివారం ముహూర్తం. అప్పటికి లార్చ్ చెట్ల ఆకులు బంగారు రంగుకు తిరుగుతాయట. ఈ చుట్టుపక్కల ఉండే తెలుగువారిలో, నాలుగు చక్రాల బండీ, నిద్రపట్టని జబ్బూ రెండూ ఉన్నవారెవరైనా ఉంటే దయచేసి నాకు కబురు పెట్టండి. పెట్రోలు నాది, కాఫీ నాది. వచ్చేటప్పుడు ఓ నాలుగు గిద్దెల బియ్యం పట్టుకొస్తే ఆ పూటకు అన్నం వేళకు వండించి పెట్టే పూచీ కూడా నాదే.