ఒక కాలేజీ మైకు ఆత్మకథ

ఇది డైనమిక్ రకం మైకు. పలచని పొర, దానికి అంటుకున్న తీగచుట్ట, వెనక ఒక అయస్కాంతం, ఇంతే దీని శరీరం. మాట తగిలి పొర అదిరితే తీగచుట్ట కదిలి సన్నని విద్యుత్తు పుడుతుంది. సొంత గొంతు లేదు కనుక తన కథ చెప్పుకునేటప్పుడు కూడా ‘నేను’ అనడం దీనికి అలవాటు కాలేదు.

మకాం ఒక డిగ్రీ కాలేజీ అర్థశాస్త్ర విభాగంలో. పాత జవాబు పత్రాల గదిలో కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, విద్యార్థులు చెమటలు తుడుచుకుంటూ పాడ్‌కాస్ట్ రికార్డు చేస్తారు. ప్రభుత్వం విడుదల చేసిన ఒక గణాంకాన్ని పది నిమిషాల్లో, పట్టిక చూడని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో 2008లో మొదలుపెట్టిన ‘ప్లానెట్ మనీ’, ఆ బృందమే 2017లో తెచ్చిన ‘ది ఇండికేటర్’ ఈ పద్ధతికి పేరున్న నమూనాలు.

మొదటి రికార్డింగు చెడింది. ఒక విద్యార్థి వినియోగదారుల ధరల సూచీ పట్టికను పైనుంచి కిందికి చదివేశాడు. పుస్తకంలోనైతే కన్ను వెనక్కి వెళ్లి వెతుక్కుంటుంది. చెవికి ఆ వీలు లేదు. మూడో అంకె వినేసరికి మొదటిది జారిపోతుంది. మైకుకు అన్నీ ఒకటే కనుక అది మాత్రం మొత్తం ఎక్కించేసింది.

తర్వాత ఎంచుకున్నది 2023 నాటి టమాటా. ఆ జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో నూరు దాటింది. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సూచీలో టమాటా వాటా 0.57 శాతం, అంటే నూరు రూపాయల ఖర్చులో 57 పైసలు. దేశం మొత్తమ్మీద దాని ధర ఏడాదిలో సుమారు మూడింతలైంది. 57 పైసల సరుకు మూడింతలైతే అదనపు ఖర్చు రూపాయి 14 పైసలు. పైసల్లో చెప్పిన ఈ లెక్క మాత్రం చెవిలో నిలిచింది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం.

చిక్కు ఆ తర్వాతి నెలల్లో వచ్చింది. ద్రవ్యోల్బణం రేటు ఆగస్టులో 6.83కు, సెప్టెంబరులో 5.02కు, అక్టోబరులో 4.87కు దిగింది. “అక్టోబరులో ధరలు తగ్గాయి” అని ఒకమ్మాయి చదివింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మేడమ్ చెయ్యెత్తి ఆపారు. “తగ్గింది ధరలా, పెరిగే రేటా అమ్మా?” సూచీ చూస్తే సెప్టెంబరులో 184.1, అక్టోబరులో 185.3. ధరలు పెరిగాయి. కానీ రేటును కొలిచేది అంతకు ముందటి ఏడాది అక్టోబరుతో పోల్చి. అప్పటి సూచీ అంతకు ముందు నెల 175.3 నుంచి 176.7కు ఎక్కి ఉంది. ఈసారి పెరిగినదానికంటే అది ఎక్కువ, అందుకే రేటు దిగింది. ఆ అమ్మాయి చదివిన వాక్యాన్ని నాలుగుసార్లు తిరగరాశారు.

మైకుకు సొంత కష్టం ‘ప’ అక్షరంతో. పెదవులు విడివడి గాలి పొరమీద ఉఫ్‌మని పడుతుంది. ఈ సబ్జెక్టులోనేమో పర్సెంట్, పర్సెంటేజ్ పాయింట్, రెండూ ‘ప’లే. పైగా రెండూ ఒకటి కావు: 7.44 నుంచి 6.83కు దిగడం 0.61 పర్సెంటేజ్ పాయింట్లు, శాతంలో చెబితే ఎనిమిదికి పైనే. చివరికి మైకుకు స్పాంజి తొడుగు వేశారు. తేడా చెప్పడం మాత్రం మేడమ్ వంతే.

ఎపిసోడు క్లాసులో వినిపించాక విద్యార్థులు గ్రాఫు కాగితం మీద సూచీ గీతను జ్ఞాపకంతో గీస్తారు. ఆపైనే అసలు గ్రాఫు తెరమీద పడుతుంది. అక్టోబరు దగ్గర గీతను కిందికి దింపినవాళ్ల కోసం ఆ భాగం మళ్లీ వేస్తారు. అప్పటికి మైకు స్పాంజి తొడుగుతో సహా బీరువాలో ఉంటుంది.