సెబీ చైర్మన్ గారికి బహిరంగ లేఖ: దుకాణాల్లేని దుకాణం షేరు



కుదేలైన రిటైల్ కంపెనీ షేరు మదుపరిని లాగేది దాని పేరుతోనే. బిగ్ బజార్ తెలియని మధ్యతరగతి ఇల్లు హైదరాబాద్‌లో అరుదు. దాన్ని నడిపిన ఫ్యూచర్ రిటైల్ షేరు 2017లో అయిదు వందల పైన పలికింది. 2022 జులైలో దివాలా ప్రక్రియ మొదలయ్యేనాటికి పది రూపాయల లోపే. ఇంకెంత పడుతుందిలే అని కొన్నవాళ్లున్నారు. సున్నా దాకా పడుతుంది.

ఈ వ్యాపారంలో కట్టడం అద్దెది, సరుకు అరువుది. కంపెనీ ఇబ్బందుల్లో ఉందని తెలియగానే సరఫరాదారులు రొక్కం అడుగుతారు, అరలు ఖాళీ అవుతాయి, కొనేవాళ్లు పక్క షాపుకు పోతారు. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టి ఉంటే పతనం ఇంకా వేగం. 2020 మార్చిలో ఫ్యూచర్ రిటైల్‌కు అదే జరిగింది. ఆ ఆగస్టులో వ్యాపారాన్ని అమ్మేందుకు రిలయన్స్‌తో రూ. 24,713 కోట్ల ఒప్పందం కుదిరితే, అంతకుముందే అదే గ్రూపులోని ఫ్యూచర్ కూపన్స్‌లో పెట్టుబడి పెట్టిన అమెజాన్ ఆ అమ్మకాన్ని ఆపాలని సింగపూర్ ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. కోర్టుల్లో వాదనలు సాగుతుండగా బకాయిలు పెరిగాయి. 2022 ఫిబ్రవరిలో, లీజులు తన పేరిట మారిన దుకాణాలను రిలయన్స్ స్వాధీనం చేసుకోసాగింది. ఎనిమిది వందలకు పైగా దుకాణాలు పోయాయి. షేరు మాత్రం ఎక్స్ఛేంజీలో భద్రంగా ఉంది! దుకాణాల్లేని దుకాణదారుడి షేరును ఏ ధైర్యంతో అమ్మనిచ్చారయ్యా?

ఆ ఏప్రిల్‌లో రిలయన్స్ ఒప్పందంపై ఓటింగ్ జరిగింది. వాటాదారులు సరేనన్నారు. తనఖా ఉన్న రుణదాతల్లో దాదాపు 69 శాతం కాదన్నారు. ఒప్పందం రద్దయింది. వాటాదారు ఓటు విలువ అంతే. 2024 జులైలో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి కంపెనీని మూసేయడానికి, ఆదేశించింది.

అలా అమ్మగా వచ్చిన డబ్బు దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం అందే వరుస ఇది: ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత తనఖా రుణదాతలు, కార్మికులు, ఆపైన ఉద్యోగులు, తనఖా లేని అప్పులు, ప్రభుత్వ బకాయిలు, మిగతా బాకీలు, ప్రిఫరెన్స్ వాటాదారులు. ఈక్విటీ వాటాదారు అందరికన్నా చివర. బ్యాంకుల బాకీలే పూర్తిగా తీరని చోట ఆ వరుస వాటాదారు దాకా రాదు. కంపెనీని ఎవరైనా కొని నిలబెట్టినా పాత వాటా మిగులుతుందన్న హామీ లేదు. అలా చేతులు మారిన గృహరుణ సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్ వాటాదారులకు 2021లో మిగిలింది శూన్యం. దివాలా కంపెనీల షేర్లను నిఘా జాబితాలో పెట్టామంటాయి ఎక్స్ఛేంజీలు. ఆ జాబితా చదివి కొనే చిన్న మదుపరి ఎక్కడున్నాడు? అతను చదివేది టెలిగ్రామ్ టిప్పులు.

దివాలా పరిష్కార ప్రక్రియ తర్వాత నిలిచే కంపెనీలో, కొత్త యజమాని పెట్టే ధరకే పాత చిన్న వాటాదారులకూ వాటా కొనుక్కునే వీలివ్వాలని 2022 నవంబరులో సెబీయే చర్చాపత్రం తెచ్చింది. దాని గతేమిటో ప్రకటించండి. దివాలా ప్రక్రియలో ఉన్న ప్రతి కంపెనీ షేరునూ కొనే మీట పైన 53వ సెక్షన్ వరుసను తెలుగుతో సహా అన్ని భాషల్లో పెద్దక్షరాలతో పెట్టించండి. దయచేసి పెట్టించండి.