రేకు పొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. మూడు రాళ్లు చాలు, మోయరాదన్నచో
రేకు పొయ్యి మేలు రేయివేళ;
గొట్టమెంత పొడుగొ గూడారమందంత
పొగయు తగ్గు, నింటి పోరు తగ్గు.

అవతారిక: తమిళనాడు ధర్మపురిలో మా బావమరిది టెంటు కొన్ననాడు, దానికి ఏ పొయ్యి తగునన్న వివాదంలో ఈ పద్యం పుట్టింది. కవి అజ్ఞాతుడు, టీకాకారుడేనని ఇంట్లోవాళ్ల అనుమానం. "వేటకు పోతున్నా" అన్నాడు బావమరిది. పెన్నాగరం అడవుల్లో వేట కథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ తుపాకీతో తిరిగిన కాలం వేరు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది జైలుకు దారి. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేసినా కేసే. కనుక గూడారం మామిడి తోపులో వేసినదని గ్రహించునది. వేట జరిగింది పొయ్యి కోసమే.

ప్రతిపదార్థం: మూడు రాళ్లు = బిల్లు లేని పొయ్యి; చాలు = కొనాలని తీర్మానించుకున్నవాడికి తప్ప అందరికీ సరిపోవును; మోయరాదన్నచో = రాళ్లు మోయలేమని సాకు చెప్పినచో; రేకు పొయ్యి = కాళ్లు మడిచి సంచిలో పెట్టదగినది; గొట్టము = పొగగొట్టము; ఇంటి పోరు = వివరించనక్కరలేదు.

తాత్పర్యం: కొనక తప్పదు.

విశేషాలు: "రేకు" అన్నాడు గాని ఏ రేకో చెప్పలేదు. టైటానియమని బావమరిది పక్షం: తేలిక, తుప్పు పట్టదు. ఇనుమని రేకుల కొట్టు మేస్త్రీ పక్షం. మేస్త్రీదే సిద్ధాంతం. కారణం "రేయివేళ" అన్న పదంలో ఉంది. మంచు దేశాల వేటగాళ్లు ఈ పొయ్యి కొనేది ప్రధానంగా ఒళ్లు కాచుకోవడానికి. ధర్మపురిలో ధనుర్మాసపు చలి దుప్పటితో తీరేదే. ఇక్కడ రేయి అంటే రాత్రి భోజనం, భోజనమంటే రాగి సంగటి. సంగటి కెలకడమంటే టీ కాచడం కాదు. కుండ కదలకుండా అదిమిపట్టి, బలంగా తెడ్డు తిప్పాలి. ఆ కుదుపుకు మడత కాళ్ల టైటానియం పొయ్యి మొదటి ముద్ద కూడక ముందే మోకరిల్లుతుంది. కాబట్టి కొట్లో పొయ్యిని ఎత్తి చూడడం కాదు, ఒరిగి నొక్కి చూడాలి. మరి పొట్టు పొయ్యి? బండి కుదుపుకు కూరిన పొట్టంతా కూలుతుంది. కవి అందుకే దాని పేరెత్తలేదు.

"పొగయు": ఈ సముచ్చయం ఊరికే వేయలేదు. కంటికి కనిపించే పొగే కాక, వాసనైనా లేని కార్బన్ మోనాక్సైడు కూడా అని భావం. మూసిన టెంటులో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే గొట్టం గుడ్డ దాటి బయటికి పోవాలి, అది దాటేచోట కాలని పట్టీ ఉండాలి, కొసన నిప్పురవ్వలు ఆపే జల్లెడ ఉండాలి. పొడుగు గొట్టం పొగను బాగా లాగుతుందన్నది మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు, గజానికి ఇంతని లెక్కేసి.

ధ్వని: రాయితో మొదలై పొగ దగ్గరికి చేరే ఈ పద్యంలో మన జిల్లా జలపాతమే దాగింది. కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి: హొగెనకల్.

పాఠాంతరం: రెండో పాదాన్ని మా ఆవిడ "గ్యాసు పొయ్యి మేలు రేయివేళ" అని చదువుతుంది. గణాలు సరిపోయాయి, యతి చెడింది. అపపాఠమని తోసిపుచ్చాం. సిలిండరు మాత్రం బండెక్కింది.