అనుబంధ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: ఇష్టమున్నచో దరఖాస్తుదారు తన ప్రచురిత రచనను అనుబంధముగా జతపరచవచ్చును.

అవతారిక: అమెరికా కాలేజీల దరఖాస్తుల్లో, వ్యాసాలన్నీ రాసి రాసి పిల్ల సోలిపోయిన వేళ చిట్టచివర ప్రత్యక్షమయ్యే సూత్రమిది. మాటలు కాలేజీకొక తీరుగా ఉంటాయి, సారం ఇదే.

టీక: ఇష్టమున్నచో = అమ్మానాన్నలు పట్టుబట్టినచో; దరఖాస్తుదారు = పన్నెండో తరగతి పిల్ల; తన = తానే రాసిన (‘కౌన్సెలర్ తిరగరాసిన’ అని పాఠాంతరం, గ్రాహ్యం కాదు); ప్రచురిత = అచ్చయిన; రచనను = ఒక్కదానిని; అనుబంధముగా = తోకగా; జతపరచవచ్చును = జతపరచకున్నా కొంప మునగదు.

తాత్పర్యము: నువ్వు రాసిందేదైనా నిజంగా బాగుంటే చూపించమ్మా, లేకుంటే పరవాలేదు అని భావం. మన ఇళ్ళలో మాత్రం ఈ ‘వచ్చును’ ‘వలెను’ అనే వినబడుతుంది. అక్టోబరు రాగానే ఐదో తరగతి నాటి కవితల నోటుబుక్కు అటక దిగుతుంది.

విశేషములు: రగడంతా ‘ప్రచురిత’ దగ్గరే. ఐఎస్‌బీఎన్ ఉంది కనుక పుస్తకమే, పుస్తకం కనుక ప్రచురితమే అని పూర్వపక్షం. ఐఎస్‌బీఎన్ పుస్తకానికి గుర్తింపు సంఖ్యే గాని యోగ్యతాపత్రం కాదు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. అమెజాన్ కేడీపీలో సొంతంగా పేపర్‌బ్యాక్ వేసుకునేవారికీ ఊరికే దొరుకుతుంది. డబ్బు కడితే చాలు, ఏ పరిశోధనా పత్రాన్నయినా వేసే జర్నళ్ళూ ఉన్నాయి. వాటి సంగతి అడ్మిషన్ల ఆఫీసుకు తెలియనిది కాదు. అదే, 1987లో పుట్టి, హైస్కూలు పిల్లల చరిత్ర వ్యాసాలు వేస్తున్న ‘ద కాన్‌కార్డ్ రివ్యూ’ లాంటి చోట పడిందంటే, కాదనే హక్కున్న సంపాదకుడొకరు చదివి ఔనన్నారన్నమాట. ‘ప్రచురిత’ అన్న పదానికి బలం అక్కడిది.

శంక: అమెరికా తెలుగు సంఘం తానా సావనీరులో పడిన తెలుగు కవిత పంపవచ్చునా?

సమాధానము: నిక్షేపంగా. అయితే అవతల చదివేవారికి తెలుగు వస్తుందనుకోలేం. ఇంగ్లీషులో భావం పిల్లే రాసి జతచేయాలి, బాబాయి కాదు. అంత శ్రమ దేనికనుకుంటే వ్యాపకాల పట్టికలో ఒక వరుస చాలు. చాలా కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తైన కామన్ యాప్ ఆ వరుసలో వివరణకు 150 అక్షరాలిస్తుంది, కామాలూ ఖాళీలూ కలుపుకునే.

అలంకారము: అతిశయోక్తి. స్కూలు పత్రికలో రెండు పేరాలు రాసిన పిల్ల దరఖాస్తులో అంతర్జాతీయ రచయిత్రి కావడం లక్ష్యం.

దోషము: పునరుక్తి. ప్రధాన వ్యాసంలో చెప్పిన అమ్మమ్మ కథనే కథల పోటీ ప్రతిగా మళ్ళీ పంపడం. ఒకే అమ్మమ్మ చేత రెండుసార్లు కన్నీళ్ళు పెట్టించడం వ్యాఖ్యాతలెవరూ మెచ్చరు.

కొన్ని కాలేజీల దరఖాస్తుల్లో ఈ సూత్రమే ఉండదు. అడగనివి పంపితే చూడబోమని ముందే చెప్తాయి. అక్కడ వ్యాఖ్యానానికి తావు లేదు. పంపకండి.